జిమల్‌గట్ట జోకు

మా అమ్మాయికి నర్సు ఉద్యోగం వచ్చిందని, పోస్టింగు జిమల్‌గట్టలో ఇచ్చారని కాగితం అందిన రోజు ఇంట్లో అందరూ లడ్డూలు తిన్నారు. నేను మాత్రం లడ్డూ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

"ఏంది గట్ల నిలబడ్డరు? అడివి ఊరని పరేషాన్ అయితున్నరా?" అని మా ఆవిడ అడిగింది.

అవునన్నాను. అందులో సగం అబద్ధం. అడవి అంటే నాకు భయం లేదు, సిరొంచలో పుట్టినవాడికి అడవి కొత్త కాదు. నేను భయపడింది ఒక జోకుకు. ముప్పై ఏళ్ళ కిందట దాన్ని నేనే కల్పించి, నేనే మైకులో చెప్పి, తాలూకా అంతా నవ్వించాను. ఇప్పుడు నా బిడ్డ పెట్టె సర్దుకుని ఆ జోకులోకే కాపురానికి పోతున్నట్టు అనిపించింది.

మాది మైకుసెట్టు అద్దెకిచ్చే ఇల్లు. మా నాన్న మొదలుపెట్టాడు, నేను నడిపాను. హిందువుల పెళ్ళయినా, మా వాళ్ళ నికా అయినా, చెట్టుకు కొమ్ముమైకు కట్టేది మేమే. ఇంట్లో ఉర్దూ, అమ్మీ అబ్బా అనే పిలుపులు; బజార్లో తెలుగు, సర్కారు కచేరీలో మరాఠీ. నేను బడిలో చదివింది మరాఠీ. తెలుగు అక్షరాలు మాత్రం పెళ్ళిపత్రికల మీద నేర్చుకున్నాను. పెళ్ళికొడుకు పేరు మైకులో తప్పు చదివితే వాళ్ళ మేనమామలు వచ్చి వీపు విమానం మోత మోగిస్తారు. అంతకన్నా మంచి పంతులు ఎవరుంటారు?

మా దగ్గర ఎదురుకోళ్ళలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. మగపెళ్ళివారి లారీ వచ్చి ఆగగానే, వాళ్ళ చేతికి షర్బతు గ్లాసులు ఇచ్చేలోపు, ఆడపెళ్ళివారి తరఫున ఒకరు మైకు పట్టుకుని వచ్చినవాళ్ళ ఊరిని ఆటపట్టించాలి. తర్వాత ఆ మైకు మగపెళ్ళివారి పెద్దమనిషి అందుకుని మా సిరొంచకు ఎదురు జవాబు చెప్పాలి. జవాబు అయ్యాకే షర్బతు తాగాలి. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకుంటే ఓడినట్టు. మైకు నాది కాబట్టి, ఆడపెళ్ళివారు ఎవరైనా సరే, నోరు కూడా నాదే అయింది.

చామోర్షి నుంచి పెళ్ళివారొస్తే, "చామోర్షిల బజారు పెద్దది. బేరమాడకపోతే ఆడ బావిల నీళ్ళు గూడ పైకి రావు" అనేవాణ్ణి. పెర్మిలి వాళ్ళొస్తే, "బల్బు దగ్గరికి పోకున్రి పెద్దమనుషులూ, అది ఊదితే ఆరదు" అనేవాణ్ణి. వాళ్ళూ ఊరుకునేవాళ్ళు కాదు. "సిరొంచోళ్ళు రెండు నదుల ఒడ్డుకుండి బిందెడు నీళ్ళకు కొట్లాడుకుంటరు" అని ఒక పెర్మిలి ముసలాయన అన్న మాటకు మా ఊరి ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు, ఎందుకంటే ఆ పొద్దున్నే బోరింగు దగ్గర కొట్లాట అయింది.

మా అమ్మకు ఇది నచ్చేది కాదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతదిరా" అనేది. "నా నోరు మంచిదే అమ్మీ, ఊళ్ళే మంచియి కావు" అనేవాణ్ణి. అంత పొగరు.

ఆ పొగరుకు ఒక కారణం ఉంది, సాకు అనుకున్నా సరే. మమ్మల్ని చూసి అందరూ నవ్వేవాళ్ళు. వంతెన కట్టకముందు, ప్రాణహిత దాటి అవతలి ఒడ్డుకు పడవలో పోతే, అంగట్లో కూర్చున్నవాడు, "మీ సిరొంచల పులులు పొద్దుగాల పాలకు ఇంటికొస్తయటగా?" అని అడిగేవాడు. నాగపూరు వైపు నుంచి మా దగ్గరికి బదిలీ అయి వచ్చిన ఉద్యోగిని, ఏం తప్పు చేశావని వాళ్ళ బంధువులే అడిగేవాళ్ళట. అట్లా నాలుగు మాటలు పడి ఇంటికొచ్చినవాడికి, తనకన్నా ఇంకా లోపల ఒక ఊరుందని గుర్తుచేసుకోవడం హాయిగా ఉంటుంది. నాకు ఆ ఊరు జిమల్‌గట్ట.

ఆ పెళ్ళి మా ఊరి రైతుల ఇంటిది. పెళ్ళికొడుకుది జిమల్‌గట్ట. చలికాలం. లారీ రావలసిన వేళకు రాలేదు. షర్బతు కలిపి పెట్టిన బకెట్ల మీద ఈగలు ముసిరాయి. చివరికి లారీ వచ్చేసరికి నా నోరు ఊరికే ఉండలేని స్థితిలో ఉంది. మైకు తీసుకున్నాను.

"జిమల్‌గట్టల ఒకామె నిండు చూలాలు. అహేరి దవాఖానకని బస్సెక్కింది. బస్సు పోయింది, పోయింది, పోయింది. అహేరిల దిగేటాళ్ళకు ఆమె పక్కన ఒక మీసాలాయన ఉన్నడు. ఈయనెవరమ్మా అని కండక్టరు అడిగిండు. నా కొడుకు సార్, ఎక్కినప్పుడు కడుపుల ఉన్నడు అన్నది. గట్లనా, అయితే ఫుల్ టికెటు తియ్యి అన్నడు!"

జనం విరగబడి నవ్వారు. వంటవాళ్ళు గరిటెలు వదిలేసి వచ్చారు. లారీ మీది కుర్రాళ్ళు కూడా నవ్వారు, అది నాకు బాగా గుర్తు. ఇప్పటికీ నన్ను నేను సమర్థించుకోవాల్సి వస్తే ముందు ఆ సంగతే చెబుతాను.

మైకు పెళ్ళికొడుకు పెదనాన్నకు ఇచ్చాను. సన్నటి మనిషి, భుజాన తువ్వాలు. మైకును నోటికి దూరంగా, అలవాటు లేనట్టు పట్టుకున్నాడు. అందరూ జవాబు కోసం చూస్తున్నారు. ఆయన నా వైపు చూసి, "నిజమే" అన్నాడు. అంతే. మైకు నా చేతికిచ్చి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

నేనేం చేశాను? మైకు ఎత్తి, "విన్నరా! ఆళ్ళ పెద్దమనిషే ఒప్పుకున్నడు!" అని అరిచాను. మొదటి నవ్వు కన్నా ఆ నవ్వు పెద్దది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ జోకు ఎక్కడ చెప్పినా చివర ఆయన గొంతు పెట్టి, మెల్లగా, "నిజమే" అనేవాణ్ణి. అక్కడ నవ్వు తప్పేది కాదు. మా అమ్మాయి చిన్నప్పుడు అన్నం తినకపోతే ఈ జోకే చెప్పి తినిపించాను. ఆఖరి మాట తనే అనేది, నోటినిండా ముద్దతో.

అదే అమ్మాయిని, గ్యాస్ స్టవ్వును, రెండు బకెట్లను జీపులో ఎక్కించుకుని జిమల్‌గట్టకు బయలుదేరాను. సిరొంచ నుంచి ఆలాపల్లి మీదుగా అహేరి పోయే దారిలోనే జిమల్‌గట్ట ఉంది. గుంతల్లో తల జీపు కప్పుకు కొట్టుకుంటూ ఉంటే, ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తట్టని సంగతి తట్టింది. అహేరి నుంచి వచ్చేవాడికి ముందు జిమల్‌గట్ట వస్తుంది. దాన్ని దాటి, ఇదే దారిలో ఇంకా అంత దూరం గుంతలు పడి వస్తేగానీ మా సిరొంచ రాదు. ఆ బస్సులో మా ఊరి చూలాలు ఎక్కితే కొడుకు మీసాలు నెరిసిపోవాలి కదా. ఎవడూ ఆ జవాబు నాకెందుకు చెప్పలేదో.

అమ్మాయికి అద్దె గది చూసిపెట్టిన ఇల్లు ఒక రైతు కుటుంబానిది. ఇంటామెకు నలభై దాటి ఉంటాయి. పుట్టిల్లూ అత్తిల్లూ అదే ఊరు. కొడుకు, కోడలు ఆమెతోనే ఉంటారు. సామాను దించుతూ, "జర పక్కకు జరుగు బిడ్డా" అని నేను మా అమ్మాయితో అన్నానో లేదో, ఇంటామె నా వైపు తిరిగి చూసింది.

"మీ గొంతు ఏడనో ఇన్న అన్నా."

"సిరొంచల శానమంది గొంతు గిట్లనే ఉంటదమ్మా" అన్నాను. చూడండి నా తెలివి!

ఆమె ఇంకాసేపు చూసి, "మైకాయన గదా మీరు" అంది. అడిగినట్టు కాదు, చెప్పినట్టు. తర్వాత లోపలికి వెళ్ళి చాయ్ తెచ్చింది. చాయ్‌లో చక్కెర సరిగ్గానే ఉంది, ఆమె మాటలోనూ తేడా లేదు. అయినా తిరుగు ప్రయాణమంతా ఒకటే ఆలోచన. వీళ్ళు నా మీద కోపం నా బిడ్డ మీద తీర్చుకుంటే? ఊరంతా కలిసి దాన్ని వెక్కిరిస్తే? వెక్కిరించడం ఎంత సులువో నాకన్నా ఎవరికి తెలుసు?

రెండు నెలలకు అమ్మాయి ఒక ఆదివారం ఇంటికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి నన్నొక రకంగా చూస్తోంది. అన్నాల దగ్గర చెప్పింది.

"అబ్బా, మా ఇంటామె ఉంది గదా. ఆమె చిన్నగున్నప్పుడు ఆమెను కన్న అవ్వకు నొప్పులొస్తే అహేరికి తీస్కపోయిన్రట. వానకాలం. వాగుకాడ బస్సు ఆగిపోయింది. ఆడనే, బస్సులనే పానం పోయింది. కడుపుల పిల్లగాడు గూడ."

నేను చెయ్యి కడిగేసుకున్నాను.

"ఆ యేడు చలికాలంలనే సిరొంచల పెండ్లికి వచ్చిన్రట. ఆమె గూడ లారీల ఉన్నది, వాళ్ళ బాపు పక్కన. పెండ్లికొడుకుకు ఆయన పెదనాయన." నా మొహంలోకి చూసింది. "'నిజమే' అన్నది ఆయననే గదా అబ్బా?"

నేను తల ఊపాను. అమ్మాయి పళ్ళెంలో అన్నం మిగిల్చి లేచింది. ఆ జోకు చెప్పి తినిపించిన రోజుల్లో ఎప్పుడూ మెతుకు మిగల్చలేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన ఓడిపోయాడనుకున్నాను, లేదా నాకన్నా గొప్ప హాస్యగాడనుకున్నాను. ఎదురుకోళ్ళలో కోపం తెచ్చుకోకూడదు కాబట్టి, వచ్చినవాడు నోరు మూసుకుంటే పెళ్ళి చెడుతుంది కాబట్టి, ఆయన తనకు మిగిలిన ఒక్క మాట అని పోయాడు. ఆయన ఆ షర్బతు తాగాడో లేదో నేను చూడనే లేదు. ఆయనిప్పుడు లేడు. ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణని చెప్పుకోవడం ఇప్పుడు చాలా సులువు.

ఆ మధ్యనే మా వాడలో ఒక పెళ్ళి జరిగింది. ఇప్పుడు నా మైకుసెట్టు ఎవరికీ అక్కర్లేదు, డీజే వచ్చింది. అయినా కుర్రాళ్ళు నన్ను చూసి, "కాకా, ఫుల్ టికెట్ జోకు కొట్టు" అని వెంటపడ్డారు. గొంతు బాగాలేదన్నాను. అప్పుడు జిమల్‌గట్ట నుంచే వచ్చిన ఒక కుర్రాడు మైకు లాక్కుని నా జోకు తనే చెప్పాడు. ఊరు పేరు మాత్రం మార్చాడు. ఇంకా లోపల, రోడ్డు లేని ఒక ఊరి పేరు పెట్టాడు. జనం అంతే నవ్వారు. జోకు ముసలిదైతే చచ్చిపోతుందనుకునేవాణ్ణి. పడవ జోకులు వంతెన రాగానే చచ్చిపోయాయి గదా, పెర్మిలి బల్బు జోకు చెబితే ఇప్పుడు పిల్లలు తెల్లమొహం వేస్తారు గదా. ఇది మాత్రం చావలేదు. నన్ను అడగకుండా బస్సెక్కి ఇంకా లోపలికి పోయింది. ఆ లోపలి ఊళ్ళో ఏ ఇంట్లో ఎవరు పోయారో ఆ కుర్రాడికి తెలియదు. నాకూ తెలియలేదు కదా.

నవ్వు నాలుగు విధాల చేటు అని ఊరికే అనలేదు. మిగతా మూడు విధాలు ఏమిటో నాకు తెలియదు గానీ, ఒకటి బాగా తెలిసొచ్చింది.

ఎట్లాగైనా ఇంటామెకు తప్పయిందని చెప్పాలని, ప్రాణహిత చేపలు సంచినిండా కొనుక్కుని జిమల్‌గట్ట వెళ్ళాను. కోడలు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కడుపు బాగా కనిపిస్తోంది.

"చెల్లే, ఆనాడు పెండ్లిల నేను..." అని లోపలి నుంచి వచ్చిన ఇంటామెతో మొదలుపెట్టాను.

"చేపలు కరాబైతయన్నా, కడుగనియ్యి" అని ఆమె సంచి అందుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను కాసేపు కూర్చుని, కోడలు ఇచ్చిన నీళ్ళు తాగి, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను.

తర్వాత వానలు మొదలయ్యాయి. పట్టపగలే చీకటి కమ్మి, ఆగకుండా కురిసిన నాలుగోరోజు పొద్దున అమ్మాయి ఫోన్ చేసింది.

"అబ్బా, ఇంటామె కోడలికి నొప్పులు మొదలైనయి. బిడ్డ అడ్డం తిరిగింది, ఈడ కాదు. అహేరికి తీస్కపోతున్నం, నేనూ పోతున్న. వాగు మీద నీళ్ళున్నయంటున్నరు. దారిల సిగ్నల్ ఉండది, పరేషాన్ కాకు."

పరేషాన్ కాకు అంటే కాకుండా ఉంటానా! ఇంకేదో అడగబోయేలోపు ఫోన్ తెగింది. మళ్ళీ చేస్తే, మీరు ఫోన్ చేసిన వ్యక్తి అందుబాటులో లేరని మరాఠీలో ఒకావిడ చెప్పింది. ఆ రోజు ఆవిడ గొంతు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చివరికి ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. ఎన్నిసార్లు చెప్పినా అదే తియ్యటి గొంతు, తనకేం పట్టనట్టు. మైకులో నా గొంతు కూడా అట్లాగే ఉండేదేమో.

ఇంట్లో ఉండలేక గొడుగు వేసుకుని బస్టాండుకు పోయాను. ఆలాపల్లి వైపు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరును ఆపి అడిగాను.

"వాగు వంతెన మునిగింది కాకా. నేను పొద్దుగాల్నే దాటిన. ఇప్పుడు బండ్లన్నీ ఆడనే ఆగినయి" అన్నాడు.

"ఆస్పత్రి బండి ఏమన్న కనిపించిందా?"

"ఎదురుంగ ఒకటి పోయింది. దాటిందో లేదో ఎరుకలే."

ఇంటికొచ్చాను. మళ్ళీ బస్టాండుకు పోయాను. మళ్ళీ ఇంటికొచ్చాను. కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, "కూసొని దువా చెయ్యున్రి జర" అని మా ఆవిడ కసిరింది. కూర్చున్నాను. చేతులెత్తాను. దువా మాటలు రాలేదు. తలలో నా గొంతే, నిండు మైకులో, బస్సు పోయింది, పోయింది, పోయింది అంటోంది. ఆ మూడు మాటల దగ్గర నేను ఒక్కోసారి ఒక్కో రకంగా గొంతు సాగదీసేవాణ్ణి, జనం నవ్వడానికి వీలుగా. ఇప్పుడు ఎంత గట్టిగా చెవులు మూసుకున్నా అది ఆగలేదు.

ఆ కోడలికి ఏమైనా అయితే ఇంటామె నా మొహం చూడక్కర్లేదు, నేనే చూసుకోలేను. ఒకే మనిషి బతుకులో, ఒకే వాగు దగ్గర, రెండోసారి. ఈసారి ఆ చూలాలి పక్కన నా బిడ్డ కూర్చుని ఉంది. జనం కోపంలో నర్సును తోసేస్తే? వాగులో బండి కొట్టుకుపోతే? నా జోకుకు జవాబు ఈ రకంగా రావాలని రాసిపెట్టి ఉందేమోనని భయపడ్డాను. ఇంత వయసొచ్చి, ఇంత లోకం చూసి, దేవుడు జోకులకు లెక్క తీస్తాడని నమ్మే మనిషినైపోయాను ఆ ఒక్క రోజుకు.

సాయంత్రపు అసర్ నమాజు అయిన కాసేపటికి ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తడానికి చెయ్యి రాలేదు. మా ఆవిడే నొక్కి నా చెవి దగ్గర పెట్టింది.

"అన్నా, నేను. మీ బిడ్డ ఉండే ఇంటామెను."

ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాను.

"అహేరి చేరినం. ఆపరేషన్ అయింది. కోడలు మంచిగుంది. ఆడపిల్ల. మీ బిడ్డ గూడ మంచిగుంది, బట్టలు తడిసినయి గంతే. వాగుకాడ రెండు గంటలు ఆపిన్రు. నీళ్ళు జర తగ్గినంక ట్రాక్టరెక్కిచ్చినం. మీ బిడ్డ నా కోడలి చెయ్యి ఇడువలేదన్నా. తల ఒళ్ళె పెట్టుకుని కూసున్నది, ఆడిదాంక."

జవాబు చెప్పాలని నోరు తెరిచాను. ఏడుపు వచ్చేసింది, అది వినపడకూడదని ఫోన్ కాస్త దూరం పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు ఊళ్ళకు ఊళ్ళను కడుపుబ్బా నవ్వించిన నోరు, ఒక్క "సంతోషం తల్లీ" అనలేకపోయింది.

"అన్నా? ఇంటున్నరా?"

వింటున్నాను. చెప్పలేకపోతున్నాను.

అవతల ఆస్పత్రి చప్పుళ్ళు, ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుపు. తర్వాత ఆమె మెల్లగా అంది.

"ఏందన్నా, సిరొంచోళ్ళకు మైకుంటెనే మాటలొస్తయా?"

లారీ దిగిన ఆ చలికాలపు పొద్దు, మైకు కోసం చెయ్యి చాపిన ఆ సన్నటి మనిషి, ఆయన పక్కన నేను చూడని ఒక చిన్నపిల్ల. మా ఊరికి రావలసిన జవాబు వచ్చింది.

"నిజమే" అన్నాను.

ఆమె నవ్వలేదు.

"మా బాపు గూడ గంతే అన్నడు" అని, ఫోన్ నా బిడ్డకు ఇచ్చింది.